పాపకి సైట్ ఏడాదిలో ఒకటి పెరిగింది, అట్రోపిన్ డ్రాప్స్ వేస్తున్నవాళ్ళు ఉంటే చెప్పండి

కొండాపూర్_అమ్మ:
మా పాపకి ఎనిమిదేళ్ళు. పోయినేడు మైనస్ 1.25 ఉన్న సైట్ ఈసారి మైనస్ 2.25కి వచ్చింది, రెండు కళ్ళకీ అంతే. కళ్ళలో మందు వేసి గంటసేపు కూర్చోబెట్టి చూసి చెప్పారు కాబట్టి లెక్క తప్పే ఛాన్స్ లేదు. డాక్టర్ గారు అట్రోపిన్ 0.01 శాతం డ్రాప్స్ రాశారు, రోజూ పడుకోబోయే ముందు ఒక్కో కంట్లో ఒక చుక్క, కనీసం రెండేళ్ళు అన్నారు. రెండేళ్ళు అనగానే ఇంట్లో పంచాయితీ మొదలైంది. మా అత్తగారేమో పొన్నగంటి కూర పెట్టు, కళ్ళ మీద నందివర్ధనం పూలు పెట్టు, పసిదాని కంట్లో ఇంగ్లీషు మందు ఏళ్ళ తరబడి ఏంటి అంటారు. మా ఆయన ఆవిడకి పైన, వాళ్ళ ఊళ్ళో పురుగులమందు తాగినవాళ్ళకి ఆస్పత్రిలో ఎక్కించేది ఈ అట్రోపిన్నే కదా అని సీసా తీసి ఫ్రిజ్ మీద పెట్టేశాడు, ఇంకా మూత కూడా తియ్యలేదు. నిజంగా వాడినవాళ్ళు చెప్పండి ప్లీజ్, సైట్ తగ్గుతుందా, ఆగుతుందా, ఏమైనా తేడా చేస్తుందా?

ఉప్పల్_బాపు:
అక్కా మా పోరగానికి తొమ్మిదేండ్లు, ఏడాది దాటింది ఏస్తున్నం. మొదట్ల జర మండుతుంది అన్నడు, తర్వాత అలవాటైంది. సైట్ తగ్గదక్కా, ఆ ఒక్క ముచ్చట ముందే మైండ్‌ల పెట్టుకో. తగ్గుతదనుకొని ఏసేటోళ్ళే ఆర్నెల్లకు ఫాయిదా లేదని బంద్ చేస్తరు. మావోనికి అంతకుముందు ఏడాది ముప్పావు పెరిగింది, ఏసినంక పావే పెరిగింది. మందు వల్లనా, వాడు క్రికెట్ కోచింగ్‌ల చేరినందుకా అంటే నేనైతే చెప్పలేను.

కంటిపరీక్ష_కుర్రాడు:
నేను ఆప్టోమెట్రిస్ట్‌ని, అంటే కళ్ళు పరీక్షించి అద్దాల పవర్ తేల్చేవాణ్ణి, డాక్టర్‌ని కాదు. మందు మొదలుపెట్టడం, మార్చడం, ఆపడం మీ డాక్టర్‌తోనే తేల్చుకోండి.

పురుగులమందు సంగతి మీ ఆయన చెప్పింది నిజమే అండీ, అదే మందు. కాకపోతే మోతాదు చూడండి. ఆస్పత్రిలో ఎక్కించే ఇంజెక్షన్ ఆంప్యూల్ ఒక్కోదాంట్లో 0.6 మిల్లీగ్రాములు ఉంటుంది, అలాంటివి వరసపెట్టి ఎక్కిస్తారు. 0.01 శాతం డ్రాప్స్‌లో ఒక మిల్లీలీటరుకి 0.1 మిల్లీగ్రాము, ఒక చుక్క దాదాపు 0.05 మిల్లీలీటరు, అంటే చుక్కకి 0.005 మిల్లీగ్రాము. ఒక్క ఆంప్యూల్‌కి సమానం కావాలంటే 120 చుక్కలు. ఆ మాటకొస్తే మన ఉమ్మెత్తకాయలో ఉన్నదీ ఇదే, అది తిన్నవాళ్ళకి కంటిపాపలు పెద్దవై నోరెండిపోయి పిచ్చిచూపులు చూసేది అందుకే. మీ అత్తగారికి మాత్రం ఈ ఉమ్మెత్త ముక్క చెప్పకండి :)

ఇక సైట్ ఎందుకు పెరుగుతుందంటే, కనుగుడ్డు ముందునుంచి వెనక్కి పొడవు సాగిపోతుంది. అది సాగాక మళ్ళీ కుంచించుకోదు. అందుకే ఏ మందూ ఉన్న సైట్ తియ్యదు, సాగే స్పీడు తగ్గించడమే దీని పని. పూర్వం దగ్గరి చూపుకి వాడే కండరాన్ని రిలాక్స్ చేసి పనిచేస్తుంది అనుకునేవాళ్ళు, కానీ కోడిపిల్లల మీద పరీక్షలు చేస్తే వాటి కండరం మీద అట్రోపిన్ పనే చెయ్యదు, అయినా సైట్ పెరగడం తగ్గింది. కాబట్టి అసలు పని కంటి వెనక పొర రెటీనా, తెల్లగుడ్డు వైపు ఎక్కడో జరుగుతోందని ఇప్పుడు అనుకుంటున్నారు.

లెక్కలమాస్టారు:
అందరూ వేసెయ్యండి అంటున్నారు కాబట్టి నేను అటు పక్క మాట్లాడతా. మా అబ్బాయికి రాసినప్పుడు దొరికిన రీసెర్చ్ పేపర్లన్నీ చదివాను. ఈ 0.01 అనేది పాపులర్ అయ్యింది సింగపూర్ స్టడీతో, 2012లో వచ్చింది, 400 మంది పిల్లలు, 0.5, 0.1, 0.01 మూడు మోతాదులు. తమాషా ఏంటంటే 0.01 పెద్దగా పనిచెయ్యదనే అనుకుని పోల్చడానికి పెట్టారు. తీరా చూస్తే అదీ పనిచేసినట్టు కనిపించింది, మందు ఆపేశాక మిగతా రెండు గ్రూపుల్లో సైట్ ఎగిరి పెరిగితే ఇందులో పెద్దగా పెరగలేదు. అంతే, ప్రపంచమంతా 0.01 పట్టుకుంది. కానీ ఆ స్టడీలో ఉత్తి నీళ్ళ చుక్కలు వేసిన గ్రూపు లేదు, కంటి పొడవు చూస్తే 0.01 వాళ్ళకి మామూలుగానే పెరిగింది. తర్వాత 2023లో అమెరికాలో 187 మంది పిల్లలకి రెండేళ్ళు ఇదే 0.01 వేసి చూస్తే ఉత్తి చుక్కలకీ దీనికీ తేడానే లేదు. మరి రోజూ రాత్రి పిల్లని పట్టుకుని ఎందుకండీ ఇదంతా?

నిజాంపేట_నాన్న:
మాస్టారూ భయపెట్టకండి ఆవిడని

లెక్కలమాస్టారు:
భయం కాదు బాబూ, ఉన్నది చెప్తున్నా. నేను వెయ్యొద్దు అనట్లేదు, మోతాదు గురించి అడగండి అంటున్నా. హాంకాంగ్‌లో లాంప్ అని ఒక స్టడీ చేశారు, 4 నుంచి 12 ఏళ్ళ పిల్లలు 438 మంది, ఈసారి ఉత్తి చుక్కల గ్రూపు కూడా ఉంది. ఏడాదికి సగటున పెరిగిన సైట్ చూడండి, ఉత్తి చుక్కలకి 0.81, 0.01 శాతం మందుకి 0.59, 0.025 శాతానికి 0.46, 0.05 శాతానికి 0.27. అంటే 0.05 మిగతావాటికంటే చాలా ముందుంది. రాసేదేమో 0.01. ఇదీ నా గొడవ.

కంటిపరీక్ష_కుర్రాడు:
మాస్టారి నంబర్లు కరెక్టే. దాని పక్కన ఇంకోటి కూడా పెట్టాలి, మన దేశంలో ఎయిమ్స్ వాళ్ళ ఆధ్వర్యంలో చేసి 2021లో వేసిన స్టడీ ఉంది, 6 నుంచి 14 ఏళ్ళ పిల్లలు 100 మంది. 0.01 శాతం వేసినవాళ్ళకి ఏడాదిలో సైట్ 0.16 పెరిగితే ఉత్తి చుక్కలు వేసినవాళ్ళకి 0.35. కాబట్టి మన పిల్లల మీద 0.01 బొత్తిగా పనిచెయ్యదు అనడానికి లేదు. ముదురు రంగు కంట్లో మందు ప్రవర్తన వేరు, నీలికళ్ళ వాళ్ళ లెక్క మనకి అచ్చంగా అతకదు.

వయసు చాలా ముఖ్యం ఇక్కడ. చిన్నపిల్లలకి సైట్ స్పీడుగా పెరుగుతుంది, మందు తక్కువగా పట్టుతుంది. లాంప్ వాళ్ళే వయసుల వారీగా చూస్తే ఆరేళ్ళ పిల్లకి 0.05తో వచ్చే ఫలితం ఎనిమిదేళ్ళ పిల్లకి 0.025తో, పదేళ్ళ పిల్లకి 0.01తో వచ్చేసింది. అందుకని పదకొండేళ్ళ పిల్లాడికి 0.01 రాస్తే నాకు అర్థమవుతుంది, ఆరేళ్ళ పిల్లకి ఏడాదికి ఒకటి పెరుగుతుంటే అదే రాస్తే నేనైతే మళ్ళీ అడుగుతా. జపాన్ 2024 చివర్లో ఓకే చేసింది కూడా 0.025నే. ఎక్కువ మోతాదుతో వెలుతురు చూడలేకపోవడం, దగ్గరిది కాస్త మసకగా ఉండటం కొంతమందికి వస్తుంది, ఎండలో నల్లబడే ఫోటోక్రోమిక్ అద్దాలు వేయిస్తే చాలామటుకు సర్దుకుంటుంది. కళ్ళు ఎర్రబడి దురద వస్తే ఎలర్జీ కావచ్చు, అప్పుడు చూపించాలి.

కొండాపూర్_అమ్మ:
అయ్యో ఇన్ని ఉన్నాయా. అయితే పనిచేస్తోందో లేదో ఎలా తెలుస్తుంది, వెయ్యకపోతే ఎంత పెరిగేదో మనకి తెలీదు కదా

కంటిపరీక్ష_కుర్రాడు:
మంచి ప్రశ్న అడిగారు. కంటి పొడవు కొలిపించండి. ఆక్సియల్ లెంగ్త్ అంటారు, మిషన్ ముందు గడ్డం ఆనించి కూర్చుంటే చాలు, నొప్పి ఏం ఉండదు. పెద్దవాళ్ళలో మామూలు కన్ను 23 న్నర, 24 మిల్లీమీటర్లు ఉంటుంది. ఒక మిల్లీమీటరు అదనంగా సాగితే సైట్ రెండున్నర దాకా పెరిగినట్టు. అద్దాల షాపులో సైట్ చూసినప్పుడు పిల్లలు కళ్ళు చిట్లించి, అలిసిపోయి పావు అటూ ఇటూ చెప్పేస్తారు, పొడవు మాత్రం అబద్ధం చెప్పదు. ఆర్నెల్లకోసారి, కుదిరితే అదే మిషన్ మీద. బంజారాహిల్స్ ఎల్వీ ప్రసాద్ కంటి ఆస్పత్రిలో మయోపియాకి, అంటే ఈ మైనస్ సైట్‌కి ప్రత్యేకంగా చూస్తారు, సిటీలో వేరే పెద్ద కంటి ఆస్పత్రుల్లో కూడా ఈ మిషన్ ఉంటుంది, శుక్లాల ఆపరేషన్ ముందు లెన్సు లెక్కకి వాడేది అదే కాబట్టి. ఫైల్లో ఈ నంబర్ రాయమని అడగండి, చాలామంది అడగరు.

సోడాబుడ్డి_1985:
ఒక మాట చెప్పి పోతా. నాకు మైనస్ 11. చిన్నప్పుడు ఈ చుక్కలూ లేవు, పొడవు కొలవడమూ లేదు, ఏటా జూన్‌లో కోఠీ వెళ్ళి అద్దాలు మార్చుకోవడమే. స్కూల్లో పేరే సోడాబుడ్డి, సరే అది నవ్వుకునేదే. పెద్దయ్యాక అద్దాలు తీసేయించే లాసిక్ లేజర్ ఆపరేషన్ చేయించుకుందాం అనుకుంటే కార్నియా, అదే కంటి ముందు పొర, పల్చగా ఉంది కుదరదు అన్నారు. ముప్పై అయిదు దాటాక ఒక రోజు కంట్లో మెరుపులు మెరిసినట్టు, నల్లటి మసి తేలుతున్నట్టు కనిపిస్తే వెళ్ళాను, రెటీనా అంచున చిరుగు, అదే రోజు లేజర్ చేశారు. ఇంకొన్నాళ్ళు ఆగి ఉంటే రెటీనా ఊడొచ్చేది అన్నారు.

చాలామంది ఏమనుకుంటారంటే సైట్ ఎంతున్నా లాసిక్ ఉందిగా అని. లాసిక్ ముందుభాగం చెక్కుతుంది అంతే, సాగిన గుడ్డు సాగినట్టే ఉంటుంది, వెనక పొర పల్చబడింది పల్చబడినట్టే ఉంటుంది. మైనస్ ఆరు దాటినవాళ్ళకి రెటీనా ఊడటం, గ్లకోమా అనే కంటినరం జబ్బు, మాక్యులా అంటే రెటీనా నడిమి భాగం పాడవడం ఇవన్నీ ఎక్కువ, అద్దాలు తీసేసినా సరే. అందుకని రెండు దగ్గర ఉన్న పిల్లని అయిదు దాకా పోకుండా మూడున్నర దగ్గర ఆపగలిగితే అది చిన్న విషయం కాదమ్మా. మీ ఆయనకి ఇది చదివి వినిపించండి.

మోడరేటర్:
ఇక్కడ "నలభై రోజుల్లో కళ్ళద్దాలు తీసేయించే కంటి వ్యాయామాలు" అని ఫోన్ నంబరుతో పెట్టిన పోస్టు తీసేశాం. మళ్ళీ పెడితే ఐడీ బ్లాక్ చేస్తాం. కొనసాగించండి.

అత్తాపూర్_అక్క:
నంబర్ల గురించి మాట్లాడుతున్నారు కాబట్టి అందరూ ఇది చదవండి. మా చిన్నోడికి 0.01 రాశారు, సీసా అయిపోతే మా మరిది దగ్గర్లో ఒక మెడికల్ షాపులో అట్రోపిన్ డ్రాప్స్ అని అడిగి తెచ్చాడు. షాపతను ఇచ్చింది 1 శాతం. చీటీ చూపించినా చూడలేదట. పొద్దున్నే లేచేసరికి పిల్లాడు కిటికీ తెరవనివ్వట్లేదు, పుస్తకంలో అక్షరాలు కలిసిపోతున్నాయి అంటాడు, మొహం ఎర్రగా కందిపోయింది, నోరెండిపోతోంది అంటాడు. పరిగెత్తుకెళ్తే డాక్టర్ సీసా చూడగానే నెత్తి పట్టుకున్నారు. ఇది వందరెట్లు ఎక్కువ మందమ్మా, కంటి ఆపరేషన్లకీ చిన్నపిల్లలకి సైట్ టెస్టుకీ వాడేది అన్నారు. వాడి కంటిపాప మామూలుగా అవడానికి వారం పైనే పట్టింది, స్కూల్ మానిపించాం. ఆ షాపుకి వెళ్ళి అడిగితే రెండూ అట్రోపినే కదా మేడం అన్నాడు. రెండూ అట్రోపినేనట!

ఉప్పల్_బాపు:
ఓరి దేవుడా. గా షాపోనికి ఓ చుక్క ఏసి పంపాల్సింది

కంటిపరీక్ష_కుర్రాడు:
ఇది చాలా ముఖ్యం, థాంక్స్ అక్కా. కౌంటర్ దగ్గరే సీసా మీద శాతం చదవండి, సున్నాలు లెక్కపెట్టండి. 1 శాతం సీసా ఇంట్లో ఉంటే అందకుండా దాచండి, చిన్నపిల్లలు దాన్ని తాగితే నిజంగా ప్రాణం మీదకి వస్తుంది. ఇంట్లోనే 1 శాతాన్ని డిస్టిల్డ్ వాటర్ కలిపి పల్చన చేసుకోవచ్చని ఒక వీడియో తిరుగుతోంది, దయచేసి చెయ్యకండి, కొలత తప్పుతుంది, పైగా అందులో క్రిములు చేరితే కన్నే పోతుంది.

నిజాంపేట_నాన్న:
మేం డ్రాప్స్ బదులు అద్దాలే మార్చాం. స్టెల్లెస్ట్, మయోస్మార్ట్ అని ఉన్నాయి, అద్దం మధ్యలో మామూలు పవర్, చుట్టూ చిన్న చిన్న లెన్సుల గుండ్రాలు. మామూలు అద్దాల కన్నా బాగా ఖరీదు, పిల్ల విరక్కొడితే గుండె ఆగుతుంది. కానీ రోజూ రాత్రి కుస్తీ లేదు. మయోస్మార్ట్ రకం మీద హాంకాంగ్‌లో రెండేళ్ళ స్టడీలో సైట్ పెరగడం సగానికి తగ్గిందని మా డాక్టర్ చెప్పాడు. స్పీడుగా పెరిగే పిల్లలకి అద్దాలూ డ్రాప్సూ రెండూ కలిపి ఇస్తున్నారట.

కానీ నన్నడిగితే అసలు జబ్బు వేరే. మా పాప చదివే స్కూలు అయిదంతస్తుల బిల్డింగు, గ్రౌండ్ అంటే కింద సెల్లార్ పక్కన బస్సులు తిరిగే చోటు. ఆరో క్లాసు నుంచే ఐఐటీ ఫౌండేషన్, పొద్దున ఏడుంపావుకి బస్సు, సాయంత్రం ఆరుకి దిగడం, ఆపైన హోంవర్కు. ఎండ మొహం చూసేది ఎప్పుడు? చుక్కలు వేసి ట్యూబులైటు కింద కూర్చోబెడితే ఏం లాభం.

లెక్కలమాస్టారు:
దీనికి మాత్రం నా ఓటు. చైనాలో గ్వాంగ్జౌ స్కూళ్ళలో ఒకటో తరగతి పిల్లలకి రోజూ అదనంగా 40 నిమిషాలు ఆరుబయట పీరియడ్ పెట్టి మూడేళ్ళు చూశారు, 2015లో వచ్చింది. పెట్టిన స్కూళ్ళలో 30.4 శాతం మందికి సైట్ వచ్చింది, పెట్టని చోట 39.5. ఏ మందూ లేకుండా. తైవాన్ వాళ్ళు 2010 నుంచి రోజూ రెండు గంటలు బయట ఉంచమని స్కూళ్ళకి చెప్పేశారు. అయితే ఇది సైట్ రాకుండా ఆపడంలో బాగా పనిచేస్తుంది, వచ్చేశాక పెరగకుండా ఆపడంలో అంత కాదు, అదీ చెప్పాలి.

కొండాపూర్_అమ్మ:
మన ఏప్రిల్ ఎండలో రెండు గంటలా? పిల్ల వడదెబ్బకి పోతుంది మాస్టారూ

కంటిపరీక్ష_కుర్రాడు:
ఎండలో మాడక్కర్లేదు అండీ, చెట్టునీడ చాలు. క్లాసురూములో వెలుతురు కొన్ని వందల లక్సులు, బయట పగటిపూట వేలల్లో ఉంటుంది, నీడలో కూడా. టోపీ పెట్టుకున్నా పర్లేదు. ఎండాకాలం పొద్దున ఆరున్నర నుంచి ఎనిమిది, సాయంత్రం అయిదు తర్వాత. ఆదివారం సంజీవయ్య పార్కు, ఇందిరా పార్కు ఎక్కడికైనా సరే, ఫోన్ ఇచ్చి బెంచీ మీద కూర్చోబెట్టకుండా ఉంటే చాలు.

అత్తాపూర్_అక్క:
మా అద్దాలషాపు అంకుల్ ఒకటి చెప్పాడు, పూర్తి పవర్ ఇస్తే కన్ను అలవాటు పడి ఇంకా పెరుగుతుంది, అర తగ్గించి ఇస్తా అని. నిజమేనా? మా అమ్మ కూడా ఎప్పుడూ అద్దాలు పెట్టేకొద్దీ సైట్ పెరుగుతుంది అంటుంది.

కంటిపరీక్ష_కుర్రాడు:
కాదు. మలేషియాలో సరిగ్గా ఇదే పరీక్షించారు, 2002లో వచ్చింది. పవర్ తగ్గించి ఇచ్చిన పిల్లలకే ఎక్కువ పెరిగింది. పూర్తి పవర్ వేయించండి, బోర్డు కనబడక పిల్లలు ముందు బెంచీలోకి పాకడం కన్నా అదే నయం.

సోడాబుడ్డి_1985:
పొన్నగంటి కూర మాత్రం పెట్టండమ్మా, సైట్‌కి పనికిరాకపోయినా పప్పులో బాగుంటుంది, అత్తగారూ శాంతిస్తారు

లెక్కలమాస్టారు:
ఆపే సంగతి ఎవరూ మాట్లాడలేదు. ఎప్పుడు ఆపాలి? ఆపితే ఎగిరి పెరుగుతుంది అన్నది నిజమే కదా.

కంటిపరీక్ష_కుర్రాడు:
నిజమే, రీబౌండ్ అంటారు. మోతాదు ఎక్కువైతే ఎక్కువ, ఆపేటప్పటి వయసు తక్కువైతే ఎక్కువ. అందుకే ఎనిమిదేళ్ళకి మొదలుపెట్టి తొమ్మిదికి ఆపెయ్యడం అంత తెలివైన పని కాదు. మామూలుగా రెండేళ్ళు వేసి చూసి, పెరుగుదల నెమ్మదించి పిల్లలు టీనేజీలోకి వచ్చాక చుక్కలు మెల్లగా తగ్గిస్తూ ఆపుతారు, ఆపాక కూడా ఆర్నెల్లకి పొడవు చూపించుకోవాలి. ఊరెళ్ళి రెండ్రోజులు మర్చిపోతే కంగారు లేదు, కానీ మర్నాడు రెండు చుక్కలు వెయ్యకండి.

కొండాపూర్_అమ్మ:
ఇంకొక్కటి. మా బాబుకి అయిదేళ్ళు, వాడికింకా సైట్ లేదు. మా ఇద్దరికీ అద్దాలు ఉన్నాయి, వాడికి కూడా ముందే మొదలుపెట్టాలా?

కంటిపరీక్ష_కుర్రాడు:
ముందు మీ పాపకి చేసినట్టే కళ్ళలో మందు వేసి సైట్ టెస్టు చేయించండి. అయిదారేళ్ళ పిల్లలకి కొంచెం ప్లస్ పవర్ ఉండాలి, అది ఇప్పటికే సున్నా దగ్గరికి వచ్చేసి ఉంటే త్వరలో మైనస్‌లోకి పోతాడని లెక్క. హాంకాంగ్ వాళ్ళు సైట్ ఇంకా రాని 4 నుంచి 9 ఏళ్ళ పిల్లల మీద కూడా చూశారు, 2023లో వచ్చింది. రెండేళ్ళలో 0.05 వేసినవాళ్ళలో 28.4 శాతం మందికి సైట్ వస్తే ఉత్తి చుక్కల వాళ్ళలో 53 శాతం. 0.01కి మాత్రం చెప్పుకోదగ్గ తేడా రాలేదు. అయినా సైట్ లేని పిల్లాడికి రోజూ మందు అనేది పెద్ద నిర్ణయం, మీ బాబుకి ప్రస్తుతానికి గ్రౌండే రాస్తా నేనైతే.

ఉప్పల్_బాపు:
అక్కా ఏసే పద్ధతి నేను చెప్త. మెలకువతో ఉన్నప్పుడు కుస్తీ పట్టకు, పండుకోబెట్టి కింది రెప్ప జర గుంజి చుక్క ఏయి, సీసా మూతి రెప్పకు తగలొద్దు. ఏసినంక కన్ను మూయించి ముక్కు పక్కన మూలకు ఏలుతోని ఒక నిమిషం ఒత్తిపట్టు, లేకుంటే మందు గొంతులకు దిగి చేదు చేదు అని లొల్లి పెడ్తరు. మావోడైతే నిద్రపోయినంకనే ఏస్త, వానికి తెల్వనే తెల్వది. ఇగ సీసా తెరిచిన తారీఖు మార్కర్‌తోని దాని మీదనే రాయి, నెల దాటితే మిగిలున్నా సరే పారేయమన్నడు మా డాక్టర్.

కొండాపూర్_అమ్మ:
సరే అన్నా. వచ్చే శనివారం పొడవు కొలిపించడానికి అపాయింట్‌మెంట్ తీసుకున్నా, 0.025 గురించి కూడా అడుగుతా. మా ఆయన కూడా వస్తాడట, ఆంప్యూల్ లెక్క తనే మళ్ళీ కాలిక్యులేటర్‌లో వేసి చూసుకున్నాడు.